రాలేనోడి కాడికి ఊరే ఎల్లింది: లీట్రిమ్, న్యూయార్క్, మన పెద్దపండగ కప్పు

పెద్దపండగ ఇంకా పది రోజులుందనగా మన ఊళ్లల్లో ఒక లెక్క మొదలవుతాది. ఎవడెవడు వస్తన్నాడు? హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికెళ్లినోడికి టికెట్ దొరికిందా? చెన్నైలో ఉన్నోడు భోగి నాటికి దిగుతాడా? వరి కోసీసిన మడిలో పిచ్ చదును చేసి, నీళ్లు జల్లి, కప్పుకీ బంతులకీ చందాలు పోగేసి కూర్చుంటారు గుంటలు. ఊళ్లో ఉన్నోళ్లతో పదకొండు మంది నిండరు. నరసన్నపేట జంక్షన్లో బస్సు దిగినోడు దిగినట్టే బ్యాగు ఇంట్లో పడేసి బ్యాటింగ్‌కి వస్తేనే టీము పూర్తవుతాది.

ఈ లెక్కలో ఒక మాట మనం ఎప్పుడూ అనుకోం. రాలేనోడి సంగతేటి? సేటు సెలవియ్యనోడు, టికెట్‌కి డబ్బుల్లేనోడు, సముద్రం మీదున్నోడు. ఆడు టీములోంచి పోయినట్టే. ఒక ఏడు రాకపోతే "ఈపాలి రాలేదురా" అంటాం. మూడేళ్లు రాకపోతే పేరే అడగం.

ఐర్లాండ్‌లో ఒక ఆట ఉంది. అక్కడ ఈ లెక్కని తిరగేసి వేస్తారు. వలస పోయినోడు రాలేకపోతే ఊరి టీమే విమానం ఎక్కి ఆడి దగ్గరికి వెళ్తాది. వెనకాల ఊరి జనం కూడా టికెట్లు కొనుక్కుని వెళ్తారు. వెళ్లి, ఆడి టీముతోనే ఆడతారు. ఆటా పోటీగానే ఉంటాది, గెలిచినోడు టోర్నమెంట్‌లో ముందుకి పోతాడు. దీని గురించి తెలుగులో ఎవరూ వివరంగా రాసినట్టు నాకు కనబడలేదు. అందుకే కొంచెం సాగదీసి చెప్తాను.

ముందు ఆట. పేరు గేలిక్ ఫుట్‌బాల్. మనం టీవీలో చూసే ఫుట్‌బాల్ కాదు. ఒక్కో జట్టుకి 15 మంది. బంతిని కాలితో తన్నొచ్చు, చేత్తో పట్టుకోవచ్చు, పిడికిలితో కొట్టి అందించొచ్చు. పట్టుకుని పరిగెత్తొచ్చు గానీ నాలుగడుగులకోసారి నేలకి కొట్టాల, లేదా కాలి మీద వేసుకుని మళ్లీ చేతిలోకి తీసుకోవాల. గోల్ స్తంభాలు ఇంగ్లిష్ హెచ్ అక్షరంలా ఉంటాయి. అడ్డకర్ర కింద వలలో పడితే గోల్, దానికి 3 పాయింట్లు. పైనుంచి పోతే మామూలుగా 1 పాయింటు. స్కోరుని 2-11 అని రాస్తే రెండు గోల్స్, పదకొండు పాయింట్లు అని. మొత్తం 17.

ఆటని నడిపేది గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్. 1884 నవంబర్ 1న థర్లస్ అనే చిన్న పట్నంలో ఒక హోటల్లో కూర్చుని పెట్టారు. అప్పుడు ఐర్లాండ్ బ్రిటిష్ వాళ్ల కింద ఉంది. తెల్లదొర ఆటలు కాదు, మన ఆటలు మనం ఆడుకుందాం అని మొదలైన సంఘం అది. 1920 నవంబర్ 21న డబ్లిన్‌లో క్రోక్ పార్క్ మైదానంలో మ్యాచ్ జరుగుతుండగా బ్రిటిష్ బలగాలు కాల్పులు జరిపితే 14 మంది చచ్చిపోయారు. అందులో ఒకడు ఆడుతున్న ఆటగాడే, పేరు మైఖేల్ హోగన్. ఇప్పుడా మైదానంలో ఒక గ్యాలరీకి ఆయన పేరే. మన జలియన్‌వాలా బాగ్ జరిగిన ఏడాదిన్నరకి ఇది.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి. ఆటగాళ్లకి జీతాల్లేవు, వేలం పాటల్లేవు. క్రోక్ పార్క్‌లో 82 వేల మంది ముందు ఫైనల్ ఆడినోడు సోమవారం పొద్దున్న బడిలో పాఠం చెప్పడానికో, పొలానికో, బ్యాంకుకో పోతాడు. మామూలుగా నువ్వు ఏ ఊరోడివో ఆ ఊరి క్లబ్బుకి, ఏ కౌంటీవాడివో ఆ కౌంటీకి ఆడతావు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోండి.

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం. ఐర్లాండ్ పడమటి వైపు కొనాక్ట్ అనే ప్రాంతంలో అయిదు కౌంటీలున్నాయి: గాల్వే, మేయో, రోస్‌కామన్, స్లైగో, లీట్రిమ్. ఈ అయిదింటికీ ఏటా కొనాక్ట్ చాంపియన్‌షిప్ జరుగుతాది. అయితే డ్రా తీసినప్పుడు ఇంకో రెండు పేర్లు కూడా ఉంటాయి: లండన్, న్యూయార్క్. అవి అయిర్లాండ్‌లో ఊళ్లు కావు కదా అంటారా? కావు. అక్కడికి వలస పోయినోళ్ల జట్లు. లండన్ 1975 నుంచి, న్యూయార్క్ 1999 నుంచి ఈ పోటీలో ఉన్నాయి. న్యూయార్క్ జట్టు మ్యాచ్ న్యూయార్క్‌లోనే, బ్రాంక్స్ అనే పేటలో, రైలు యార్డు పక్కనున్న గేలిక్ పార్క్‌లో జరుగుతాది. అయిదు కౌంటీలూ వంతులవారీగా వెళ్తాయి. అంటే ఒక్కో కౌంటీకి అయిదేళ్లకోసారి వంతు వస్తాది. ఆ వంతు ఏ ఏడాదో ముందే తెలుసు కాబట్టి జనం అప్పట్నుంచే డబ్బులు దాచుకుంటారు, సెలవులు కలుపుకుంటారు. చీటీ కట్టినట్టే అన్నమాట.

ఈ అయిదింటిలో లీట్రిమ్ కథ చెప్తాను, ఎందుకంటే అది మనకి బాగా దగ్గర. ఐర్లాండ్‌లో అన్ని కౌంటీల కంటే తక్కువ జనం ఉన్నది అదే. 2022 జనగణనలో 35 వేల చిల్లర. మన నరసన్నపేట ఒక్క మండలంలోనే అంతకంటే ఎక్కువ మంది ఉన్నారు. కానీ 1841లో లీట్రిమ్ జనాభా లక్షా 55 వేలు! ఏమైపోయారు? 1845 నుంచి బంగాళాదుంప పంటకి తెగులు తగిలి పెద్ద కరువొచ్చింది. ఐర్లాండ్ మొత్తం మీద సుమారు పది లక్షల మంది చచ్చిపోయారు, అంతకంటే ఎక్కువ మంది ఓడలెక్కి వెళ్లిపోయారు. అంత కరువులోనూ ఓడల్లో ధాన్యం ఎగుమతి అవుతూనే ఉంది. 1866 గంజాం కరువు గురించి చదివినోళ్లకి ఇది కొత్త కాదు. అప్పట్లో మన చికాకోలు గంజాం జిల్లాలోనే ఉండేది. కరువు పోయినా వలస ఆగలేదు. ఒకడెళ్తే తమ్ముణ్ని పిలుస్తాడు, తమ్ముడు బావమరిదిని పిలుస్తాడు. మనకి తెలిసిన సంగతే.

ఆ లీట్రిమ్ కొనాక్ట్ కప్పు కొట్టింది చరిత్ర మొత్తంలో రెండేసార్లు, 1927లో, 1994లో. కుర్రాళ్లు ఉంటే కదా గెలవడానికి. అయినా అయిదేళ్లకోసారి న్యూయార్క్ వంతొస్తే మాత్రం జనం కదులుతారు. 2023 ఏప్రిల్ 8న, ఈస్టర్ ముందు శనివారం, లీట్రిమ్ వంతు. న్యూయార్క్ జట్టు 1999 నుంచి ఈ పోటీలో ఒక్క మ్యాచ్ గెలవలేదు. 2016లో రోస్‌కామన్ మీద ఒక్క పాయింటుతో చేజారింది. ఆ రోజు ఆట అయ్యేసరికి సమానం. అదనపు సమయం ఇచ్చారు, అప్పటికీ 0-15, 0-15. పెనాల్టీలు తన్నారు. న్యూయార్క్ 3, లీట్రిమ్ 2.

మైదానంలోకి జనం దూకీసినారు. న్యూయార్క్ గెలిచిందని ఏడ్చినోళ్లున్నారు, లీట్రిమ్ ఓడిందని ఏడ్చినోళ్లున్నారు, రెండింటికీ ఏడ్చినోళ్లూ ఉండే ఉంటారు. లీట్రిమ్‌లో పుట్టి బ్రాంక్స్‌లో ఇల్లు కట్టుకున్నోడు ఏ వైపు కేకలేస్తాడు చెప్పండి.

ఇక్కడ లీట్రిమ్ దురదృష్టం ఒకటుంది. 1977లో లండన్ జట్టు చేతిలో ఓడింది లీట్రిమే. 2013లో లండన్ మొదట స్లైగోని ఓడించి, తర్వాత సెమీఫైనల్‌ని రీప్లేలో లీట్రిమ్ మీదే గెలిచి కొనాక్ట్ ఫైనల్ దాకా వెళ్లింది, అక్కడ మేయో చేతిలో ఓడింది. మళ్లీ 2023లో న్యూయార్క్. అందరికంటే ఎక్కువ ఖాళీ అయిన కౌంటీ, వలస జట్ల చేతుల్లోనే మూడుసార్లు ఓడింది. ఇది ఎగతాళికి అనడం లేదు. ఊరు ఖాళీ అయితే బలం ఎటు పోతాదో ఈ స్కోర్లే చెప్తన్నాయి. ఐర్లాండ్ పల్లెల్లో ఇప్పుడు కొన్ని క్లబ్బులకి 15 మంది దొరక్క పక్క ఊరి క్లబ్బుతో కలిసి ఆడుతున్నాయి. మన మడిలో పదకొండు మంది నిండకపోవడం అలాంటిదే.

అసలు ఊరే వలస దగ్గరికి వెళ్లాలన్న ఆలోచన 1947లోనే వచ్చింది. కరువుకి నూరేళ్లయ్యిందని, ఐర్లాండ్ మొత్తానికి పెద్ద పోటీ అయిన ఆల్ ఐర్లాండ్ ఫైనల్‌ని న్యూయార్క్‌లో పెట్టారు. చాలామంది వద్దన్నారు, ఒక మతగురువు పట్టుబట్టి ఒప్పించాడు. 1947 సెప్టెంబర్ 14న పోలో గ్రౌండ్స్ అనే బేస్‌బాల్ మైదానంలో, 34,941 మంది ముందు కావన్ జట్టు కెర్రీని 2-11, 2-7తో ఓడించింది. ఆటగాళ్లలో కొందరు ఓడ మీద, కొందరు విమానంలో వెళ్లారు. ఆ ఫైనల్ ఐర్లాండ్ బయట జరిగింది ఆ ఒక్కసారే.

రేడియో వ్యాఖ్యాత మిహాల్ ఓ'హెహిర్ కథ ఇక్కడ చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఐర్లాండ్‌లో జనమంతా రేడియోల చుట్టూ చేరినారు. అట్లాంటిక్ దాటి గొంతు చేరడానికి లైను అద్దెకి తీసుకున్నారు, ఒక టైము వరకే. ఆట ఆలస్యంగా మొదలైంది, ఇంకా అయిపోలేదు, లైను టైము అయిపోవచ్చింది. లైను కత్తిరించే మనిషి ఎవడో, ఎక్కడ ఉన్నాడో తెలీదు. ఓ'హెహిర్ ఆట చెప్తూ చెప్తూ మధ్యలోనే, ఎవరైనా వింటుంటే ఇంకో అయిదు నిమిషాలు ఇయ్యండి అని బతిమాలుకున్నాడు. ఇచ్చినారు. ఆట చివరి దాకా వినబడింది.

సరే, డబ్బున్న దేశం కాబట్టి విమానాలెక్కి వెళ్లి ఆడుకుంటారు, మనకేటి అని అనుకోవచ్చు. ఇక్కడ ఒక ముక్క అర్థం చేసుకోవాల. న్యూయార్క్‌లో ఉన్న ఐరిష్ వాళ్లందరూ దర్జాగా లేరు. 1980ల్లో ఐర్లాండ్‌లో పనుల్లేక వేలమంది టూరిస్ట్ వీసా మీద వెళ్లి ఉండిపోయారు. ఇళ్లు కట్టే పని, బార్లలో పని, ముసలోళ్లని చూసుకునే పని చేసినారు. 1990లో అమెరికా చట్టం మార్చి 'మారిసన్ వీసాలు' అని వేలల్లో ఇచ్చింది, కొందరు గట్టెక్కినారు. దొరకనోళ్లు, తర్వాత వచ్చినోళ్లు కాగితాల్లేకుండానే ఉన్నారు. 1996 చట్టం ప్రకారం ఏడాదికి మించి కాగితాల్లేకుండా ఉన్నోడు అమెరికా దాటితే పదేళ్లు మళ్లీ అడుగు పెట్టనియ్యరు. అంటే ఏటి? తల్లి చచ్చిపోయినా వెళ్లలేడు. వెళ్తే పెళ్లాం పిల్లలు ఇటు, తను అటు. అలాంటోడికి సొంత కౌంటీ జెర్సీ, సొంత ఊరి మనుషుల మాట, చిన్నప్పుడు తన పక్కన కూర్చున్నోడి కొడుకు ఆట, అన్నీ బస్సు దూరంలో బ్రాంక్స్‌కి వచ్చినాయంటే దాన్ని ఆట అని మాత్రమే అనలేం. ఊరోళ్లు వస్తూ వస్తూ ఇంట్లో వాళ్లు ఇచ్చిన పొట్లాలు కూడా తెస్తారు. మనోళ్లు జంతికలు, అరిసెలు కట్టిచ్చినట్టు.

ఇంకో విచిత్రం. విదేశాల్లో ఉన్న తన పౌరులకి ఐర్లాండ్ ప్రభుత్వం పార్లమెంటు ఎన్నికల్లో ఓటు ఇయ్యదు, ఏవో కొద్దిమంది దౌత్య ఉద్యోగుల్లాంటి వాళ్లకి తప్ప. సర్కారు పుస్తకంలో లేనోడు ఆట పుస్తకంలో ఉన్నాడు. డ్రాలో ఆడి నగరం పేరుంది. ఈ పద్ధతిలోనూ లోపాలున్నాయి. టికెట్లు, హోటళ్ల ఖర్చు పెట్టుకోలేని ముసలి తల్లిదండ్రులు ఇంట్లో టీవీ ముందే కూర్చుంటారు, వెళ్లేది ఉద్యోగాలున్నోళ్లే. అయినా పుస్తకంలో పేరుండడం పేరుండడమే.

మన సంగతికి వద్దాం. మన ఉత్తరాంధ్ర వలస నిన్న మొన్నటిది కాదు. మన తాతల కాలంలో 'రంగం' పోవడం అంటే బర్మాలో రంగూన్ పోవడం. కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల్నుంచి ఓడలెక్కినారు. రంగూన్ రేవులో మూటలు మోసినోళ్లలో ఎక్కువ మంది తెలుగోళ్లే. 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే ఉన్నారు. 1930 మేలో రేవు కూలీల సమ్మె తర్వాత మనోళ్ల మీద దాడులు జరిగి చాలామంది చచ్చిపోయారు. 1942లో జపాన్ బాంబులకి లక్షల మంది అడవుల్లో నడిచి వచ్చినారు, దారిలోనే పోయినోళ్లకి లెక్కలేదు. విశాఖ కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అనే పేరు ఎందుకొచ్చిందో ఇప్పటి గుంటలకి తెలుసో లేదో. తర్వాత కలకత్తా మిల్లులు, ఖరగ్‌పూర్ రైల్వే. ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, గల్ఫ్.

వేరావల్ సంగతి వేరేగా చెప్పాల. మనకి 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఉంది. మరబోట్లు నిలబెట్టుకునే హార్బర్ లేక, మన మత్స్యకారులు తరాలుగా గుజరాత్ వెళ్లి అక్కడి సేట్ల బోట్లెక్కుతున్నారు. 2018 నవంబర్‌లో అలా వెళ్లినోళ్లు తెలీక సరిహద్దు దాటి పాకిస్తాన్ వాళ్లకి చిక్కినారు. కరాచీ జైల్లో ఏడాదికి పైగా ఉండి, ఎక్కువ మంది 2020 జనవరిలో వాఘా దగ్గర ఇటొచ్చినారు. 2025లో వచ్చిన తండేల్ సినిమా ఈ కథ మీదే. సినిమా చూసి ఈలలేసినోళ్లు ఒకటి ఆలోచించండి. గుజరాత్‌లో వేట మొదలయ్యేది ఆగస్టులో. మనోళ్లు తిరిగొచ్చేది ఎండాకాలంలో. మరి జనవరిలో పెద్దపండగకి? సముద్రం మీదే ఉంటారు. ఒక ఏడు కాదు, ప్రతి ఏడూ. తీరం ఊళ్లల్లో భోగి మంటల కాడ చూడండి, ఆడోళ్లు, ముసలోళ్లు, చిన్న గుంటలు. మనం గర్వంగా చెప్పుకునే పెద్దపండగ కప్పులో వాళ్లకి ఎప్పుడూ చోటు లేదు. తేదీ పెట్టినప్పుడే వాళ్లని తీసీసినాం.

"మరి అమెరికాలో ఇండియా మ్యాచ్ జరిగింది కదన్నా" అని ఒక తమ్ముడు అడిగినాడు. జరిగింది. 2024 జూన్ 12న న్యూయార్క్ పక్కన నసావు కౌంటీలో, టీ20 ప్రపంచ కప్పు కోసం తాత్కాలికంగా కట్టిన 34 వేల సీట్ల స్టేడియంలో, ఇండియా, అమెరికా ఆడినాయి. అమెరికా జట్టు కూడా చాలావరకు వలస జట్టే. కెప్టెన్ మోనాంక్ పటేల్ పుట్టింది గుజరాత్ ఆనంద్‌లో, గాయంతో ఆ రోజు ఆడలేదు. సౌరభ్ నేత్రావల్కర్ 2010 అండర్ 19 ప్రపంచ కప్పులో మన ఇండియాకే ఆడినోడు, తర్వాత చదువుకి వెళ్లి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ అమెరికాకి ఆడతన్నాడు. ఆ రోజు కోహ్లీని మొదటి బంతికే సున్నాకి పంపింది ఈయనే, రోహిత్‌ని తీసింది ఈయనే. అయినా అమెరికా 110 కొడితే మనం ఏడు వికెట్లతో గెలిచినాం.

అది మంచి ఆటే. కానీ లీట్రిమ్ లాంటిది కాదు. దేశం వచ్చింది, ఊరు రాలేదు. గ్యాలరీలో నీలం జెర్సీలేసుకున్నోళ్లు ఎక్కువగా వందల డాలర్ల టికెట్ కొనగలిగినోళ్లు. తెలుగు ఇంజనీరుకి అలాంటి రోజు ఒకటి దొరుకుతాది. ఆయనకి తెలుగు సంఘాలున్నాయి, మహాసభలున్నాయి, ఇక్కణ్నుంచి మంత్రులు, సినిమా వాళ్లు విమానమెక్కి వెళ్తారు. నేను తప్పు పట్టడం లేదు. మియాపూర్‌లో అపార్ట్‌మెంట్ కట్టే మేస్త్రీ దగ్గరికి ఊరి నుంచి ఎవరెళ్లినారు? ఎన్నికలప్పుడు మాత్రం వెళ్తారు, బస్సు పెట్టి తీసుకొచ్చి ఓటేయించుకుని వదిలేస్తారు. 2024 మే 13 పోలింగ్‌కి ఎన్ని బస్సులొచ్చినాయో హైవే మీద మనం చూడలేదా. ఉన్న చోటి నుంచే ఓటేసే యంత్రం అని ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీలకి చూపించబోయింది. ఒక్క యంత్రంలో 72 నియోజకవర్గాలు పడతాయన్నారు. పార్టీలు ఒప్పుకోలేదు, అది అక్కడే ఆగింది. వలసోడు కావాల గానీ ఆడు ఉన్న చోటు మనకి అక్కర్లేదు.

కొన్నాళ్లు మా వైపు కప్పు కమిటీలో నేనూ తిరిగినాను. రూల్సు రాసినోళ్లలో నేనూ ఒకణ్ని. "ఊళ్లో ఉన్నోళ్లే ఆడాల, బయటోళ్లని తెస్తే ఎంట్రీ రద్దు" అని రాసినాం. పక్క మండలం నుంచి డబ్బులిచ్చి బౌలర్లని తెస్తన్నారని కోపంతో రాసిన రూలు అది. ఒకేడు ఇచ్ఛాపురం వైపు ఇటుకబట్టీలో పనిచేసే గుంటడు పండగనాడు మధ్యాహ్నం వచ్చినాడు. పేరు లిస్టులో లేదని ఆడనియ్యలేదు. ఆడు గట్టు మీద కూర్చుని సాయంత్రం దాకా చూసి, రాత్రి బండికి ఎలిపోనాడు. ఆ ఊళ్లోనే పుట్టినోడు. లీట్రిమ్ గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆడి మొఖమే.

అందుకని కమిటీలకి నేను చెప్పేది చిన్న సంగతే. మన కప్పుల్లో ఊరి పేర్ల పక్కన ఇంకో పేరు రాయండి. 'మియాపూర్ టీము', 'వేరావల్ టీము', 'చెన్నై టీము'. ఇక్కడి టీముల్తో సమానంగా, డ్రాలో. హైదరాబాద్‌లో మన మండలాల వాళ్లు గుంపులు గుంపులుగా ఒకే పేటలో ఉంటారు, టీము కట్టడం కష్టం కాదు. రెండేళ్లకోసారి ఇక్కడ గెలిచిన టీము అక్కడికి వెళ్లాల. పదిహేను మందికి రైలు జనరల్ టికెట్లు ఎంతవుతాయి? కప్పు మీద, డీజే మీద, ఫ్లెక్సీల మీద పెట్టేదాంట్లో సగం చాలు. ఫ్లెక్సీ లేకపోతే ఆట ఆగుతాదా?

వేరావల్‌కి అంత దూరం వెళ్లడం నిజంగా కష్టమే, ఒప్పుకుంటాను. దానికి దారి తేదీ మార్చడం. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. గుజరాత్‌లో జూన్ నుంచి ఆపుతారు. అంటే మే చివర్నుంచి జూన్ మొదటి రెండు వారాలు ఇక్కడి మత్స్యకారుడూ, అక్కణ్నుంచి వచ్చినోడూ ఇద్దరూ గట్టు మీదే ఉంటారు. ఎండ ఉంటాది, పొద్దున్న ఆరింటికి మొదలెట్టి పదింటికి ఆపీయండి. ఆడపిల్లల మ్యాచ్ కూడా ఒకటి పెట్టండి, పూసపాటిరేగ నుంచి పలాస దాకా జీడిపిక్కల పనికీ రొయ్యల కంపెనీలకీ వెళ్లే చెల్లెళ్లు చాలామందికి ఆట వచ్చు. ఆడమని పిలిచినోడే లేడు.

వచ్చే పెద్దపండగ కప్పుకి చందాల పుస్తకం కార్తీకంలో తెరుస్తారు. మొదటి పేజీలో చందాలు రాసే ముందు, ఊళ్లోంచి పోయినోళ్ల పేర్లు రాయండి. ఎవడు, ఏ ఊళ్లో, ఏ పని, ఫోన్ నంబరు. మూడేళ్లుగా రానోడి పేరుతో మొదలెట్టండి.